లీటరు లెక్క, దారి లెక్క

మన ప్రాంతంలో ఎవరు కొత్త ద్విచక్ర వాహనం కొన్నా, దానికి పసుపు కుంకుమల పూజ ముగియకముందే ఎదురయ్యే ప్రశ్న ఒక్కటే: "ఎంతిస్తది?" కర్త ఎవరో, కర్మ ఏమిటో విడమర్చి చెప్పనక్కరలేని ఒంటిమాట ప్రశ్న అది. ధర్పల్లి అంగడిలోనైనా, ఇందూరు గంజిలో పసుపు బస్తాల నడుమనైనా, బోధన్‌లో చాయ్ హోటలు ముందైనా ఇదే మాట వినిపిస్తుంది. బండి రంగు, ధర, వేగం అన్నీ తరువాతి సంగతులు. లీటరు చమురుకు ఎన్ని కిలోమీటర్లు ఇస్తుందో ముందు తేలాలి.

ఈ ప్రశ్నను వెక్కిరించే అలవాటు పట్నపు మిత్రులలో కొందరికి ఉన్నది. లక్షలు పోసి కొన్నవాడు చమురుకు వెనుకాడతాడా అని వారి వాదన. ఆ వాదన నాకు సమ్మతం కాదు. సంపాదనలో ప్రతి రూపాయికీ ఒక పేరున్న ఇళ్ళలో పుట్టిన ప్రశ్న అది. దానిలో పిసినారితనం లేదు. అయితే ఆ ప్రశ్నను మనం అడిగే తీరులో ఒక లోపమున్నదనీ, ముఖ్యంగా ఈ మధ్య మన పల్లెల్లోనూ కనిపిస్తున్న 'అడ్వెంచర్' బండ్ల విషయంలో ఆ లోపం మన చేత తప్పుడు బేరాలు చేయిస్తున్నదనీ నా అభిప్రాయం. ఆ ముక్కే ఇక్కడ వివరంగా చెప్పదలచాను.

అడ్వెంచర్ బండి అంటే ఏమిటో ముందు చూద్దాం. ఎత్తైన పీట, పొడవాటి షాకబ్జార్లు, పెద్ద ముందు చక్రం, గాలిని ఆపే అద్దం, వెనుక సామాను కట్టుకొనే కమ్ములు, తారు ఉన్నా లేకున్నా నడిచే లక్షణం – ఇవి దాని గుర్తులు. మన దేశంలో సామాన్యునికి అందే ధరలో ఈ కోవకు దారి వేసినది 2011లో వచ్చిన హీరో ఇంపల్స్. నూటయాభై సీసీల ఆ బండి ఎక్కువ కాలం నిలువలేదు. 2016లో రాయల్ ఎన్‌ఫీల్డ్ వారి 411 సీసీల హిమాలయన్ వచ్చిన తరువాతనే ఈ మోజు ఊళ్ళకు పాకింది. 2019లో హీరో ఎక్స్‌పల్స్ 200 లక్ష రూపాయలకు కాస్త లోపుగా షోరూం ధరతో వచ్చి, ఆ మోజును మధ్యతరగతి గుమ్మం దాకా తెచ్చింది. 2020లో కేటీఎం 390 అడ్వెంచర్, 2022లో యెజ్డీ అడ్వెంచర్, సుజుకీ వి-స్ట్రామ్ ఎస్ఎక్స్, 2023 చివర 452 సీసీల కొత్త హిమాలయన్, 2025 జనవరిలో ఎక్స్‌పల్స్ 210 – ఇలా వరుస కట్టాయి.

ఇన్ని ఎదుట నిలిచినప్పుడు ఎంచుకోవడమెట్లా? "ఎంతిస్తది?" అని అడిగి, నలభై అన్నవాడిని మెచ్చుకొని, ముప్పై అన్నవాడిని చూసి పెదవి విరిస్తే సరిపోతుందా?

లీటరుకిన్ని కిలోమీటర్లు అనే కొలతలోనే ఒక మాయ ఉన్నది. ఉదాహరణకు ఒకరు అరవై ఇచ్చే బండిని వదిలి డెబ్బై ఇచ్చే బండి కొన్నారనుకుందాం. మరొకరు ముప్పై ఇచ్చేదాన్ని వదిలి నలభై ఇచ్చేది కొన్నారనుకుందాం. ఇద్దరికీ లాభం పది కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. ఇద్దరూ అరవై వేల కిలోమీటర్లు తిరిగారనుకొని లెక్క వేయండి. మొదటివారికి వెయ్యి లీటర్లు పట్టేచోట 857 లీటర్లు పడతాయి. ఆదా 143 లీటర్లు. రెండవవారికి రెండు వేల లీటర్లు పట్టేచోట పదిహేను వందలు పడతాయి. ఆదా 500 లీటర్లు. అదే పది కిలోమీటర్ల తేడా ఒకచోట మూడున్నర రెట్లు విలువ చేస్తున్నది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ లారిక్, జాక్ సోల్ అనే ఇద్దరు పరిశోధకులు 2008లో 'సైన్స్' పత్రికలో ఈ భ్రమనే ఎత్తిచూపారు. యూరపు దేశాల్లో నూరు కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని తిరగేసి కొలుస్తారు. ఆ కొలతలో భ్రమకు తావుండదు: ముప్పై ఇచ్చే బండి నూరు కిలోమీటర్లకు 3.33 లీటర్లు తాగుతుంది, నలభై ఇచ్చేది 2.5 లీటర్లు, అరవై ఇచ్చేది 1.67 లీటర్లు. కనుక "ఎంతిస్తది?" అనే బదులు "నూరు కిలోమీటర్లకు ఎంత తాగుతది?" అని అడగడం మేలు. మన పెద్దలు ఎద్దును కొనేటప్పుడు ఎంత దున్నుతుందో ఒకటే అడిగి ఊరుకోలేదు. ఎంత మేస్తుందో కూడా అడిగారు.

ఇక అసలు లెక్కలోకి వద్దాం. ధర్పల్లి నుండి ఇందూరుకు పోను రాను సుమారు అరవై కిలోమీటర్లు. ఉద్యోగానికో, వ్యాపారానికో ఏటా రెండువందల రోజులు తిరిగితే పన్నెండు వేల కిలోమీటర్లు, ఐదేళ్ళకు అరవై వేలు. లెక్క సులువు కోసం పెట్రోలు లీటరు 110 రూపాయలనుకుందాం. నూరు సీసీల స్ప్లెండర్ వంటి బండి అరవై ఇస్తే ఐదేళ్ళకు చమురు ఖర్చు లక్షా పదివేలు. రెండువందల సీసీల అడ్వెంచర్ బండి నలభై ఇస్తే లక్షా అరవైఐదు వేలు. నాలుగువందల సీసీల పైబడిన బండి ముప్పై ఇస్తే రెండు లక్షల ఇరవై వేలు. ఈ అరవై, నలభై, ముప్పై అన్నవి దేవుడు రాసిన గీతలేమీ కావు. నడిపే చేతిని బట్టి అటూఇటూ అవుతాయి. తరగతుల మధ్య దూరం మాత్రం ఇంచుమించు ఇట్లాగే ఉంటుంది.

ఇప్పుడు ధరలు చూడండి. ఎక్స్‌పల్స్ 210 వచ్చినప్పటి షోరూం ధర లక్షా డెబ్బైఆరు వేల దగ్గర మొదలయింది. కొత్త హిమాలయన్ 2023లో రెండు లక్షల అరవైతొమ్మిది వేల దగ్గర మొదలయింది. తేడా తొంభైమూడు వేలు. ఐదేళ్ళలో ఈ రెండింటి చమురు ఖర్చులో తేడా యాభైఐదు వేలు. అనగా అందరూ అడిగే తేడా కంటె, సంతకం పెట్టిన నాడే జేబులోనుండి పోయే తేడా పెద్దది. అప్పు చేసి కొంటే వడ్డీ దానిపైన. బీమా, జీవితకాలపు పన్ను బండి ధరను బట్టే పెరుగుతాయి కనుక అవీ దానిపైనే. ఏటా ఐదారువేల కిలోమీటర్లు కూడా తిరగని వారికైతే చమురు తేడా సగానికి సగం పడిపోతుంది. ధరలోని తేడా మాత్రం పైసా తగ్గదు. తక్కువ తిరిగేవాడు మైలేజీ గురించి ఎక్కువ బాధపడడం మనలోని వింతలలో ఒకటి.

ఈ ధరల మధ్య అగాధం 2025 సెప్టెంబరు 22 నుండి ఇంకా వెడల్పయింది. అంతకుముందు 350 సీసీల లోపు బండికి జీఎస్టీ 28 శాతం. ఆ పైబడిన దానికి సెస్సుతో కలిపి 31 శాతం. ఆనాటి నుండి 350 లోపు వాటికి 18 శాతం, ఆపై వాటికి 40 శాతం. పన్ను కలపకముందు లక్షన్నర విలువ చేసే రెండు బండ్లను ఊహించుకోండి. ఒకటి గీతకు ఇవతల, ఒకటి అవతల. పాత పద్ధతిలో వాటి మధ్య పన్ను తేడా నాలుగు వేల అయిదువందలు. కొత్త పద్ధతిలో ముప్పైమూడు వేలు. ఇంజను లోపలి ఖాళీ కొద్దిగా పెరిగినందుకు కట్టవలసిన శిస్తు అది. ఎక్స్‌పల్స్, వి-స్ట్రామ్ ఎస్ఎక్స్, 334 సీసీల యెజ్డీ గీతకు ఇవతల ఉన్నాయి. 452 సీసీల హిమాలయన్, 399 సీసీల కేటీఎం గీతకు అవతల ఉన్నాయి. కంపెనీలు కొంతకాలం కొంత భారం తామే భరిస్తే భరించవచ్చును గాని, గీత గీతే.

అయితే పెద్ద బండి దండగమారిదని నేననడం లేదు. కొత్త హిమాలయన్‌కు నలభై అశ్వశక్తి దాకా ఉన్నది. హైదరాబాదు నుండి ఆదిలాబాదు దాకా 44వ జాతీయ రహదారిపై, వెనుక మనిషిని, సామానును మోస్తూ, గంటకు తొంభై నూరు వేగంతో రోజంతా నడవడానికి అది తగినది. చిన్న ఇంజను ఆ పనిని నోరు తెరిచి రొప్పుతూ చేస్తుంది. మరి మనలో ఎందరం ఏడాదికి ఎన్నిసార్లు ఆ పని చేస్తాము? ఏడాదికి రెండు ప్రయాణాల కోసం మిగిలిన మూడువందల అరవై రోజులూ నూట తొంభైఆరు కిలోల బరువును సందుల్లో తిప్పడం, మా నాయనమ్మ మాటల్లో చెప్పాలంటే, పెండ్లికి కొన్న గుండిగలో రోజూ చారు కాచుకోవడమే.

వేగం ముచ్చట వచ్చింది కనుక ఒక ముక్క. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు. దాని వర్గంతో పెరుగుతుంది. గంటకు అరవైలో ఉన్న అడ్డు ఎనభైకి చేరేసరికి ఒకటికి మూడు పాతిక వంతులపైన, అంటే దాదాపు 1.78 రెట్లు అవుతుంది. ఎనభై నుండి నూరుకు పోతే మళ్ళీ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. అడ్వెంచర్ బండి మీద మనిషి నిటారుగా, రొమ్ము విరిచి కూర్చుంటాడు. అద్దం, చేతుల ముందరి రెక్కలు, పక్కన వేలాడే పెట్టెలు అన్నీ గాలికి ఎదురొడ్డేవే. అందుచేత ధర్పల్లి – డిచ్‌పల్లి నడుమ యాభైలో నడిచినప్పుడు నలభై రెండు ఇచ్చిన బండి, డిచ్‌పల్లి దాటి జాతీయ రహదారి ఎక్కి నూరులో నడిచినప్పుడు ముప్పై రెండుకు పడిపోతే కంపెనీని తిట్టి లాభం లేదు. అడ్వర్టయిజుమెంట్లలోని అంకెలు ప్రయోగశాలలో రోలర్ల మీద, నిర్ణయించిన వేగాలతో తీసినవి. మీటరు తెర మీద కనిపించే సగటు కూడా కాస్త ముఖప్రీతి మాటే. నిజం తేలాలంటే ట్యాంకు మూత దాకా నింపి, మూడు నాలుగువందల కిలోమీటర్లు తిరిగి, మళ్ళీ అదే బంకులో అంత మేరకే నింపి, పట్టిన లీటర్లతో భాగించాలి. అదీ ఒకసారి కాదు, మూడుసార్లు.

ట్యాంకుల విషయంలో ఒక వినోదమున్నది. అడ్వెంచర్ బండి అంటే దూరాలకు పుట్టినదని అందరి నమ్మకం. కొత్త హిమాలయన్ ట్యాంకు 17 లీటర్లు. ముప్పై చొప్పున 510 కిలోమీటర్లు. ఎక్స్‌పల్స్ 13 లీటర్లు. నలభై చొప్పున 520. వి-స్ట్రామ్ ఎస్ఎక్స్ 12 లీటర్లు. ముప్పైఐదు చొప్పున 420. మరి పాలవాడి స్ప్లెండర్? 9.8 లీటర్లు, అరవై చొప్పున 588. ఒక్క నింపుడుతో అందరికంటె దూరం పోయేది ఏ సాహసమూ చెప్పుకోని ఆ బక్కబండే. అంతకుముందు తరంలో రాజ్‌దూత్ మీద పాలక్యాన్లు కట్టుకొని వాగులు దాటినవారు, ఇప్పుడు టీవీఎస్ ఎక్సెల్ మీద యూరియా బస్తా పెట్టుకొని ఒడ్ల మీద నడిపేవారు, సాహసమన్న మాట ఎన్నడూ వాడలేదు. వారికది పని.

కనుక సాహసపు బండి ఇచ్చే అదనపు విలువ దూరంలో లేదు. మరెక్కడ ఉన్నది? దారిలో ఉన్నది. స్ప్లెండర్ అడుగు నేలకు 165 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, ఎక్స్‌పల్స్ అడుగు 220 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నది. వేలెడు ఎత్తు అనిపించవచ్చు. రామడుగు ప్రాజెక్టు వైపు కంకర తేలిన బాటలోనో, సిర్నాపల్లి జలపాతానికి పోయే అడవి దారిలోనో ఆ వేలెడు ఎత్తే ఇంజను అడుగు బండకు తగులకుండా కాపాడుతుంది. ఇరవైఒక్క అంగుళాల ముందు చక్రం గుంతలో పడదు. గుంత మీదుగా దొర్లిపోతుంది. 2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, నిజామాబాదు జిల్లాలపై కురిసిన కుంభవృష్టికి కామారెడ్డి దగ్గర జాతీయ రహదారిపైనే రాకపోకలు నిలిచిపోయాయి. పల్లె దారుల సంగతి చెప్పనక్కరలేదు. ఆ తరువాత నెలల తరబడి కోసుకుపోయిన రోడ్ల మీద నడిచినవారికి షాకబ్జార్ల పొడవు విలాసమని అనిపించదు. ఇది నిజమైన విలువ. దీనికి డబ్బు కట్టడంలో అర్థమున్నది. ఒక్క హెచ్చరిక: పారే నీటిలోకి దిగడానికి ఏ బండీ పనికిరాదు. మోకాటి లోతు ప్రవాహం మనిషినీ బండినీ కలిపే తీసుకుపోతుంది.

ఏబీఎస్ ఇంకొక విలువ. 2019 ఏప్రిల్ నుండి 125 సీసీలు దాటిన ప్రతి కొత్త బండికీ అది తప్పనిసరి. నూరు సీసీల బండ్లకు ఆ నిబంధన వర్తించలేదు. చినుకు పడ్డ తారు మీద గేదె అడ్డం వచ్చిన క్షణాన చక్రం బిగుసుకుపోకుండా కాపాడే ఆ పరికరం మైలేజీ పట్టికలో ఎక్కడా కనిపించదు. కాని ఇంటికి చేరిన మనిషి విలువను ఏ లీటరుతో కొలుస్తాము?

మరొకవైపు నష్టాలనూ చెప్పుకోవాలి. ఎక్స్‌పల్స్ 210 పీట ఎత్తు 830 మిల్లీమీటర్లు. అయిదున్నర అడుగుల లోపు మనిషి రెండు పాదాలూ నేలకు ఆనించలేడు. వెనుక అమ్మో, భార్యో చీర కట్టుకొని ఒకవైపుగా కూర్చోవాలంటే ముందు గద్దె ఎక్కాలి. బియ్యం బస్తా ముందర పెట్టుకోవడానికి చోటు లేదు. ఊచల చక్రాలకు ట్యూబు ఉంటుంది. మేకు దిగితే అక్కడికక్కడే కూలబడుతుంది. పోత చక్రాలున్న వి-స్ట్రామ్ వంటి దానికి ట్యూబు లేని టైరు కనుక మెల్లగా గాలి తగ్గుతూ ఊరు చేరనిస్తుంది. కాని పెద్ద బండకు కొట్టుకుంటే పోత చక్రం పగులుతుంది, ఊచల చక్రం వంగి ఊరుకుంటుంది. ఏ సుగుణమూ ఊరికే రాదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్నట్లు, బండి వాకిట్లో నిలిచి ఉన్నా బీమా కట్టవలసిందే.

ఇప్పుడు చమురు సంగతి. ఈ జిల్లా వారమై ఉండి దీన్ని మాట్లాడకపోతే లెక్క పూర్తి కాదు. 2025 నాటికి దేశమంతటా పెట్రోలులో ఇరవై శాతం ఇథనాల్ కలిసింది. ఒక లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి అదే లీటరు పెట్రోలులో ఉండేదానికంటె మూడోవంతు తక్కువ. 2021లో నీతి ఆయోగ్ వెలువరించిన నివేదికే, పది శాతానికి సరిచేసిన ద్విచక్ర వాహనాలు ఇరవై శాతపు మిశ్రమంతో మూడు నాలుగు శాతం మైలేజీ కోల్పోతాయని చెప్పింది. నలభై ఇచ్చే బండికి అరవై వేల కిలోమీటర్లలో మూడు శాతమంటే 45 లీటర్లు, దాదాపు ఐదువేల రూపాయలు. మహా భారమేమీ కాదు. కాని కల్తీ లేని పెట్రోలు ధరకే శక్తి తగ్గిన చమురు పోయించుకుంటున్నప్పుడు, ఆ మిగులు ఎవరి ఇంటికి చేరుతున్నదని అడిగే హక్కు మనకున్నది.

రైతు ఇంటికి చేరుతున్నదని జవాబు. చేరితే సంతోషమే. కాని ఆ జవాబు బోధన్‌లో నిలబడి విన్నవారికి గొంతులో ఏదో అడ్డుపడుతుంది. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగర్ నీళ్ళ మీద ఆధారపడి 1937లో బోధన్‌లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ పుట్టింది. ఒకనాడు ఆసియాలోనే పెద్దదని పేరు. దాని చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే వెలిసింది. 2002లో అది ప్రైవేటు చేతుల్లోకి పోయింది, 2015 డిసెంబరులో మూతబడింది. చెరుకు నుండి తీసిన ఇథనాల్ దేశమంతా బండ్లను నడుపుతున్న కాలంలో, చెరుకుకే పేరుపడిన సీమలో గానుగ ఆగిపోవడం కంటె వ్యంగ్యం ఏముంటుంది? చెరుకు మడ్డి నుండి తీసిన సారాన్ని పెట్రోలులో కలపాలన్న ఆలోచన కొత్తదీ కాదు. 1948లోనే భారత ప్రభుత్వం అందుకొక చట్టం చేసింది. ఆ చట్టం పుట్టిన తరువాత అరవైఏడేళ్ళకు మన ఫ్యాక్టరీ ఆగింది. ఇప్పుడు ఇథనాల్ మొక్కజొన్న నుండి, బియ్యం నుండి కూడా వస్తున్నది. ఆ ఫ్యాక్టరీలు పెడతామంటే పక్కనున్న నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్‌లో 2024 నవంబరులో జనం రోడ్డెక్కి వద్దన్నారు. నీళ్ళు, గాలి పాడవుతాయని వారి భయం. ఒకచోట కావాలన్నది మూతబడింది. ఒకచోట వద్దన్నది రాబోయింది. మన ట్యాంకులోకి జారే ప్రతి లీటరు వెనుక ఈ కథ ఉన్నది.

పాత బండి కొనేవారికి దీనిలో ఒక ఆచరణాత్మకమైన ముక్క ఉన్నది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన బండ్ల రబ్బరు గొట్టాలు, సీళ్ళు ఇరవై శాతపు ఇథనాల్‌ను దృష్టిలో పెట్టుకొని చేసినవి కాకపోవచ్చు. పాత 411 హిమాలయన్ చవకగా వస్తున్నదని మోజుపడేవారు ఆ గొట్టాల మార్పు ఖర్చును బేరంలో కలుపుకోవాలి. నెలల తరబడి నిలిపి ఉంచిన బండిలో తేమ చేరుతుందనీ గుర్తుంచుకోవాలి.

ఈ లెక్కలన్నీ నేను కాలక్షేపానికి వేసినవి కావు. మా అక్క కొడుకు ఇందూరులో ఒక ప్రైవేటు ఉద్యోగంలో చేరాడు. రోజూ ధర్పల్లి నుండే పోయి వస్తాడు. తండ్రి, అనగా మా బావ, పదహారేళ్ళుగా దుబాయిలో ఉన్నాడు. నెలకు ఇరవైవేలు ఇంటికి పంపుతాడు. "మామా, నాయిన బండికి పైసలు పంపుతనన్నడు. పెద్ద హిమాలయన్ తీసుకుందునా?" అని అడిగాడు మా వాడు. పై లెక్కలే వాడికి కాగితం మీద వేసి చూపాను, చివర ఒక్క వరుస కలిపాను. నూరు సీసీల బండితో పోలిస్తే, ధరలో తేడా, ఐదేళ్ళ చమురులో తేడా కలిపి, రెండువందల సీసీల అడ్వెంచర్ బండికి సుమారు లక్షన్నర ఎక్కువ. పెద్దదానికి సుమారు మూడు లక్షల ముప్పైవేలు ఎక్కువ. వాటిని ఇరవైవేలతో భాగించాను. మొదటిది నాయిన పంపే ఏడున్నర నెలల డబ్బు. రెండవది పదహారున్నర నెలలది.

వాడు కాగితాన్ని చాలాసేపు చూసి, "అంటే అది కొనకుంటె నాయిన ఏడాదిన్నర ముందుగాల రావొచ్చు గద మామా," అన్నాడు. వాడిని నూరు సీసీల బండి దగ్గరికే తీసుకుపోదామనుకున్నాను. కాని ఆ రాత్రి ఫోనులో మా బావ అన్నమాట వేరు. "బామ్మర్దీ, వాని వయసుల నేను యెజ్డీ కోసం మా నాయినతోని కొట్లాడిన. కొనియ్యలే. ఆ కంపెనీ మూతబడ్డదాంక ఆశ పోలే. వానికి చిన్నది కొనియ్యి, ఆ ఎత్తుదే. నా ఏడు నెల్లు నాకు బరువు గాదు. ఏడాదిన్నరంటెనే బరువు."

నేను పది పేజీల లెక్కతో చెప్పలేనిది ఆయన నాలుగు ముక్కల్లో చెప్పాడు. మైసూరులో యెజ్డీ తయారీ ఆగినది 1996లో. అంతకాలం ఒక కోరిక ఒక మనిషిలో నిలిచి ఉన్నదంటే దానికీ ఒక విలువ కట్టవలసిందే. దాన్ని సున్నా వేసి మూసేసే లెక్క సరైన లెక్క కాదు. అలాగని దానికి హద్దు లేదనే లెక్కా సరైనది కాదు. కోరికకు ఎంత కట్టగలమో, ఎవరి చెమట నుండి కడుతున్నామో తెలిసి కట్టడమే వివేకం.

కాబట్టి నా తీర్పు ఇది. తారు దారిలో ఇందూరు దాకా పోయి వచ్చే పని తప్ప మరొకటి లేనివారికి నూరు, నూట పాతిక సీసీల బండిని మించినది లేదు. చేన్లు, అడవి బాటలు, కోసుకుపోయిన రోడ్లు నిత్యం దాటేవారికి, లేదా మనసు దానిమీదనే ఉన్నవారికి, 350 సీసీల గీతకు ఇవతల ఉన్న రెండువందల నుండి రెండువందల యాభై సీసీల అడ్వెంచర్ బండి ధరకు తగిన విలువ ఇస్తుంది. రాళ్ళ దారులు ఎక్కువైతే ఎక్స్‌పల్స్ వంటిది, తారు ఎక్కువైతే వి-స్ట్రామ్ వంటిది. నాలుగువందల పైబడినవి నెలకొకసారైనా వందల కిలోమీటర్లు పోయేవారికే. వారికి ముప్పై ఇచ్చినా నష్టం లేదు, ఎందుకంటే వారు కొనుక్కొనేది మైలేజీ కాదు, అలసట లేని ప్రయాణం. ఏది కొన్నా ధరలో నాలుగైదు వేలు మంచి హెల్మెట్టుకు ముందే తీసి పక్కన పెట్టాలి. రెండు హెల్మెట్లకు అంటే ఇంకా మేలు.

"ఎంతిస్తది?" అనే ప్రశ్న మానవద్దు. దాని పక్కన మరి మూడు చేర్చండి. నూరు కిలోమీటర్లకు ఎంత తాగుతుంది? ఏ దారిలో నడుస్తుంది? ఆ డబ్బు ఎవరి ఎన్ని నెలల కష్టం? ఈ నాలుగింటికీ ఒకేచోట జవాబు దొరికిన బండిని నిశ్చింతగా కొనుక్కోవచ్చును.